మా మావయ్యకి సోలార్ అంటే ఇష్టమే

రైవాడ పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు వద్దంటూ జనం రోడ్డెక్కారన్న వార్త చూసి మా ఆఫీసులో ఒకాయన "పల్లెటూళ్ల వాళ్లకి అభివృద్ధి అక్కర్లేదండీ" అనేశాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మా అమ్మమ్మగారి ఊరు ఆ రైవాడ పక్కనే, అనకాపల్లి జిల్లా దేవరాపల్లి దగ్గర.

మొన్న వెళ్లేసరికి మావయ్య పొద్దున్నే డాబా ఎక్కి, తడిపిన పాత లుంగీ గుడ్డతో సోలార్ పలకలు తుడుస్తున్నాడు. ఇళ్ల మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లు పెట్టించాడు, 60 వేలు సబ్సిడీ వచ్చింది. ఇన్వర్టర్ మీద అంకె చూపించి "ఎనిమిదైనా అవలేదురా, అప్పుడే మొదలెట్టేసింది" అని మురిసిపోయాడు. పెట్టేముందు ఇంట్లో గొడవే అయిందట. డాబా అంతా ఇవే పరిస్తే చింతపండు, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలని అమ్మమ్మ పట్టుబడితే, స్టాండు పడమటి పక్కకి జరిపించి సగం డాబా ఆవిడకి వదిలేశారు. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లందరికీ పలకలు చూపించేది ఆవిడే.

అదే మావయ్య ఆ ప్రాజెక్టు పేరెత్తితే భగ్గుమంటాడు. పగలు మిగిలిన సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి పెట్టుకుని, సాయంత్రం వాడకం పెరిగినప్పుడు కిందకి వదిలి టర్బైన్లు తిప్పడం, పద్ధతి మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ అందుకు కొండ మీదొకటి, కిందొకటి రిజర్వాయర్లు ఉండాలి, నీళ్లు ఉండాలి. శారద నది మీదున్న ఆ రైవాడ జలాశయం నీళ్లతోనే పొలాలు తడుస్తాయి, మా విశాఖ కుళాయిలకీ అక్కణ్ణుంచి వస్తాయి. "ఎండాకాలం కాలవకి ఎన్ని నీళ్లొస్తాయో ఒక్కడైనా చెప్పాడేటి?" అంటాడు మావయ్య. కొండ మీద గిరిజనుల దిగులు ఇంకా పెద్దది. జీడితోటలు, పోడు భూములు ఉంటాయా, పట్టా లేని చెక్కకి ఎవరేమిస్తారు?

ఈ భయం ఊరికే రాలేదు. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో 1955లోనే కరెంటు పుట్టింది, ఏజెన్సీలో ఎన్నో ఊళ్లకి మాత్రం దశాబ్దాల తర్వాత గానీ బల్బు వెలగలేదు. గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టుకి భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నుంచీ పెసా చట్టం ఉంది. అమ్మమ్మని అడిగినట్టు వీళ్లనీ ముందే కూర్చోబెట్టి అడగాలి, నీళ్ల లెక్క, భూమి లెక్క తెలుగులో కాగితం మీద పెట్టి చూపించాలి. వద్దంటే వినాలి కూడా.

బస్సెక్కించడానికి వచ్చిన మావయ్యతో, సభ పెడితే ఫోన్ చెయ్యి, సెలవు పెట్టి వస్తానన్నాను. "పెట్టనీరా ముందు" అన్నాడు.