పాట ముందు, పేరు వెనుక: బాలాంత్రపు రజనీకాంతరావు

మా ఇంట్లో తెల్లవారడమంటే రేడియోలో విజయవాడ కేంద్రం పలకడమే. ముల్లు 837 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి కదలకూడదని తాతగారు ఆ మీటను ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కారు. పొద్దున వచ్చే భక్తిపాటల కార్యక్రమం భక్తిరంజనిలో 'శ్రీ సూర్యనారాయణా మేలుకో' వచ్చిన రోజున మామ్మ చేతిలోని ముగ్గుబుట్ట పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని పాట పూర్తయ్యేదాకా వినేది. పొడిచే సూర్యుడిది పొన్నపూవు ఛాయ, ఉదయించే సూర్యుడిది ఉల్లిపూవు ఛాయ, నడినెత్తికి వచ్చేసరికి మల్లెపూవు ఛాయ, కుంకే వేళకు గుమ్మడిపూవు ఛాయ అంటూ పొద్దుపొద్దుకూ ఒక పువ్వును చూపించే ఆ పాట తరతరాలుగా ఇళ్ళలో నోటి నుంచి నోటికి వచ్చినది. అటువంటి పాటలకు, తత్త్వాలకు, తరంగాలకు, అష్టపదులకు రేడియోలో పెద్దపీట వేసినవారిలో రజని, అంటే బాలాంత్రపు రజనీకాంతరావుగారు, ముఖ్యులు. మాకు ఆ పాటలన్నీ కంఠతా వచ్చు. ఆయన పేరు మాత్రం నేను కాలేజీకి వచ్చేదాకా వినలేదు.

1920 జనవరి 29న నిడదవోలులో పుట్టిన రజనీకాంతరావుగారికి కవిత్వం ఇంటి సొత్తు. వేంకట పార్వతీశ కవులుగా పేరు పొందిన జంటలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారు ఆయన తండ్రి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఎం.ఏ. చదివి, 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరారు. అప్పటికి ఆ కేంద్రం మొదలై మూడేళ్ళు. శాస్త్రీయ సంగీతమూ సినిమా పాటా కాని ఒక మధ్యస్థమైన గేయాన్ని, అంటే నేడు మనం లలిత సంగీతమని పిలుచుకొంటున్నదాన్ని, మాటా బాణీ తానే కట్టి గాయకులకు నేర్పి వినిపించిన తొలితరంలో ఆయన ఒకరు. 1947 ఆగస్టు 15న, అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగం ముగిసిన తరువాత మద్రాసు కేంద్రం నుంచి తెలుగువారు విన్న స్వాతంత్ర్య గీతం ఆయనదే. టంగుటూరి సూర్యకుమారి పాడగా ప్రసిద్ధమైన 'మాదీ స్వతంత్ర దేశం' కూడా ఆయన రచనే. ప్రభుత్వోద్యోగి కావడంతో సినిమాలకు చేసిన పనిలో కొంత సొంత పేరుతో కాక సోదరుడు నళినీకాంతరావు పేరుతో వెలువడింది. నాకిది చాలా బాధ కలిగించే విషయం.

ఆకాశవాణి అధికారిగా ఆయనకు ఫైళ్ళు, బదిలీలు తప్పలేదు. విజయవాడ కేంద్రానికి డైరెక్టరు కూడా అయ్యారు. అయినా పాటను పక్కన పెట్టలేదు. పాటలు తామే రాసి తామే బాణీ కట్టిన వాగ్గేయకారులపై పరిశోధన చేసి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాశారు. దానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. క్షేత్రయ్య పదం ఎక్కడ ఆగి ఎక్కడ సాగుతుందో తెలిసినవాడు రేడియోలో ఉండబట్టే, రేడియో పాటలో తెలుగు మాట విరగకుండా వినిపించిందని నేను నమ్ముతాను.

మా అత్తయ్య దగ్గర రేడియోలో విని రాసుకున్న పాటల నోటు పుస్తకం ఒకటి ఉండేది. ఒక్కసారి విని రాయడం కష్టం కనుక, అందని మాట వచ్చిన చోట చుక్కలు పెట్టి ఖాళీ వదిలేది. పాట మళ్ళీ వచ్చినప్పుడు వేరే రంగు సిరాతో నింపేది. కొన్ని పాటలు మూడు రంగుల్లో ఉన్నాయి. పాట పేరు కింద పాడినవారి పేరు తప్పకుండా ఉంటుంది. రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు ఒక్క పుటలోనూ లేవు.

రజని 2018 ఏప్రిల్ 22న, 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ వార్త చదివిన సాయంత్రం అత్తయ్యకు ఫోను చేసి, ఫలానా ఫలానా పాటలు ఆయనవేనని చెప్పాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "పుస్తకం తీస్తాను ఉండు, ఒక్కొక్కటే మళ్ళీ చెప్పు నాన్నా, రాసుకుంటాను" అంది.