గిన్నెలో గడ్డకట్టిన ఆదివారం

పొద్దున్నే అత్తమ్మ గొంతు. "పుట్టమన్ను తెచ్చిండా వాడు?" తెచ్చారు. రాత్రే సంచెడు వాకిట్లో పెట్టారు. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు ఆడే మట్టి బొడ్డెమ్మను పెట్టుకోవాలి కదా. నా నెత్తిమీద ఇంకో పని ఉంది. పాపకు స్కూల్లో ప్లాస్టర్‌తో మామిడికాయ చేసుకురమ్మన్నారట, రేపటికే! ఈ పనులన్నీ పిల్లలకు ఇస్తారో తల్లులకు ఇస్తారో నాకైతే అర్థం కాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అంటే జిప్సంను కాల్చి, అందులోని నీళ్లు చాలామటుకు పోగొట్టిన పొడి. నీళ్లు తగిలాయంటే మళ్లీ రాయైపోతుంది. చదువుకున్నదే, తెలుసు. నీళ్లలో పొడి చల్లుకోవాలనీ తెలుసు. అయినా తొందరలో పొడి మీద నీళ్లు పోశాను. ఉండలు కట్టింది. అవి చిదుపుతుండగానే గిన్నె చేతికి వెచ్చగా తగిలింది. అంతే, బిగుసుకోవడం మొదలైంది, పని అయిపోయింది. గీకి పారేసి, కడగకుండా అందులోనే మళ్లీ కలిపాను. ఈసారి ఇంకా త్వరగా బిగుసుకుంది. అంచులకు అంటిన పాత ముక్కలు పాలల్లో తోడు వేసినట్టు పనిచేస్తాయి మరి.

పాప తన రంగు క్లే డబ్బా తెచ్చింది. "దీంతో చేద్దాం మమ్మీ, ఇది ఎండదు." నిజమే. మైనం, నూనె లాంటివి కలుస్తాయి కాబట్టి ఎన్నాళ్లయినా మెత్తగానే ఉంటుంది. 1897లో ఇంగ్లండ్‌లో హార్బట్ అనే డ్రాయింగ్ మాస్టారు తన విద్యార్థుల కోసం ప్లాస్టిసిన్ కనిపెట్టింది కూడా అందుకే. కానీ మా డబ్బాలో ఎరుపూ లేదు, పచ్చా లేదు. అన్నీ కలిసి పెంటరంగు అయ్యాయి.

వాకిట్లో అత్తమ్మకు ఏ తొందరా లేదు. మన్ను నానబెట్టి, రాళ్లేరి, మడమతో తొక్కి తొక్కి ముద్ద చేసింది. మా చేనిది చల్క, ఇసుక ఎక్కువ, ముద్ద నిలవదు. నల్లరేగడి అంటారా, ఎండితే నెర్రెలిస్తుంది. పుట్టమన్ను అట్లా కాదు, చెదలు ముందే మెత్తగా నమిలి పెట్టినట్టుంటుంది. పీట మీద ఒక అంతరం, దాని మీద చిన్నది, దాని మీద ఇంకా చిన్నది. మధ్యలో లేచి పప్పు పోపు పెట్టొచ్చింది, చాయ్ తాగింది. తడిగుడ్డ కప్పిన మట్టి అట్లాగే కాచుకుని ఉంది. అంతరాల మధ్య సందుల్లో పలుచని మట్టి బొటనవేలితో పూస్తూ, "ఆ తెల్లపిండికి ఏం తొందరనే?" అంది నన్ను చూసి.

సాయంత్రం గిన్నెను బోర్లించి నేలకు తట్టాను. ముద్ద మొత్తంగా ఊడొచ్చింది. నున్నగా, గిన్నె ఆకారంలోనే. పోయినేడు నా చేతిలోంచి జారి పడ్డప్పటి సొట్టతో సహా అచ్చు పడింది.

పాప దానికి పసుపు రంగేస్తోంది. మామిడికాయను అడ్డంగా కోస్తే ఇట్లాగే ఉంటుందని టీచర్‌కు చెప్తుందట.