ఫ్రీజర్ మరమ్మతు పనులు: గ్యాస్ సంగతికి ముందు మంచు సంగతి

ఏప్రిల్

పెదవాల్తేరులోని మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు పిన్నిగారి ఫ్రిజ్ ఈ వేసవి మొదట్లోనే నా చేతికి వచ్చింది. రెండు తలుపుల ఫ్రాస్ట్ ఫ్రీ రకం, అంటే మంచును తనంతట తానే కరిగించుకునేది. పైన ఫ్రీజర్‌లో పెట్టిన చందువలు గట్టిగానే ఉంటున్నాయి కానీ కింది అరల్లో పాలు విరిగిపోతున్నాయి. అంతకుముందు చూసి వెళ్లిన మెకానిక్ గ్యాస్ అయిపోయిందని, మళ్లీ ఎక్కించాలని చెప్పారట. ఫ్రిజ్‌లోని గ్యాస్ వాడిన కొద్దీ తరిగేది కాదు; గొట్టాలన్నీ సీలు చేసి ఉంటాయి కనుక ఎక్కడో లీకైతే తప్ప అది తగ్గదు. తగ్గినా ముందు ఆ లీకును మూయాలి, తరువాతే ఎక్కించాలి. అందువల్ల గ్యాస్ మాట ఎత్తే ముందు ఫ్రీజర్‌ను చల్లబరిచే కాయిల్ (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట) మీద మంచు ఎలా పట్టిందో చూడాలన్నది నేను గట్టిగా పాటించే నియమం.

ప్లగ్ తీసి, చేపలను థర్మాకోల్ పెట్టెలోకి మార్చి, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక మరలు విప్పితే, కాయిల్ పైనుంచి కిందిదాకా ఒకే మంచు దిమ్మగా కనిపించింది. అల్యూమినియం రేకుల మధ్య వేలిగోరు దూరే సందైనా లేదు. ఫ్యాను రెక్కల అంచులు మంచుకు రాసుకుని తెల్లగా గీతలు పడ్డాయి. గ్యాస్ తక్కువైతే మంచు కాయిల్ మొదటి ఒకటి రెండు మలుపుల మీదే పట్టి మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది. గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్ నడుస్తున్నా మంచే పట్టకపోతే గ్యాస్ పూర్తిగా పోయిందనో, కంప్రెసర్ పంపు చేయడం లేదనో అనుమానించాలి. ఇక్కడ కాయిల్ అంతటా మంచు ఉంది కనుక చల్లదనం పుట్టడంలో లోపం లేదు. ఆ మంచు కరగకపోవడం వల్ల గాలిదారి మూసుకుపోయి కింది గదికి చల్లగాలి చేరడం లేదు.

మంచును కత్తితో గాని స్క్రూడ్రైవర్‌తో గాని గీకకూడదు. కాయిల్ గొట్టానికి చిన్న బెజ్జం పడినా లేని గ్యాస్ సమస్య కొత్తగా వస్తుంది. తలుపు తెరిచి, లోపల వేడినీళ్ల గిన్నె పెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాను తిప్పితే మంచు దానంతట అదే వదులుతుంది.

మంచును కరిగించే భాగాలు నాలుగు: ఎప్పుడు కరిగించాలో చూసే టైమర్, కరిగించే హీటర్, చలివేడులను బట్టి కరెంటు దారిని కలిపి విడదీసే బైమెటల్ స్విచ్చు, వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజు. ఇవన్నీ ఒకే కరెంటు దారిలో వరుసగా ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటి తెగినా హీటర్ వెలగదు. హీటర్ మీద 150 వాట్లని ఉంది. 230 వోల్టులకు లెక్క వేస్తే సుమారు 350 ఓములు రావాలి, మల్టీమీటర్ దానికి దగ్గరగానే చూపించింది. ఫ్యూజు మాత్రం తెగిపోయింది. చాలామంది ఇక్కడే ఆగి ఫ్యూజు ఒక్కటీ మార్చేస్తారు, అది కొన్నాళ్లకే మళ్లీ పోతుంది. ఫ్యూజు ఎందుకు తెగిందో తేల్చాలి. బైమెటల్ చలిలో కలిసి, వేడెక్కగానే విడిపోవాలి; అందుకే గది వేడిమిలో అది తెగినట్టు చూపించడమే సరైన లక్షణం, అలా చూపించిందని పారేయకూడదు. పిన్నిగారి ఫ్రిజ్‌లోని బైమెటల్ ఏప్రిల్ ఉక్కలో సైతం కలిసే ఉంది. అంటే మంచు కరిగిపోయాక కూడా అది హీటర్‌ను ఆపలేదు, ఆ వేడికి ఫ్యూజు తెగింది. బైమెటల్, ఫ్యూజు కలిపి ఒకే సెట్టుగా దొరుకుతాయి. కొత్తదాన్ని బిగించే ముందు మంచుగడ్డల్లో ఉప్పు కలిపి ఆ చలిలో ఉంచాను. కాసేపటికి కలిసింది, బయటకు తీశాక విడిపోయింది.

నీరు పోయే రంధ్రంలోకి సిరంజితో గోరువెచ్చని నీళ్లు వదిలి, అవి వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి దిగుతున్నాయని చూసుకున్నాను. ఒక రాత్రంతా ఫ్రిజ్‌ను నడవనిచ్చి, తెల్లారాక టైమర్ గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి టిక్కుమనేదాకా తిప్పితే కంప్రెసర్ ఆగి హీటర్ అందుకుంది. కాయిల్ చల్లబడకుండానే ఈ పరీక్ష చేస్తే బైమెటల్ విడిపోయి ఉంటుంది కనుక హీటర్ వెలగదు, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

మే

మా ఫ్రిజ్ తలుపు రబ్బరు పని ఇది. ఫ్రీజర్‌లో ఒక మూలనే మంచు పేరుకుంటుంటే ఆ పక్కనే రబ్బరు వదులైందని అర్థం. విశాఖ సముద్రపు గాలిలోని తేమకు చిన్న సందైనా చాలు. కాగితం ముక్కను తలుపు సందులో పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. సులభంగా జారివచ్చిన చోట రబ్బరును వేడినీళ్ల గుడ్డతో మెత్తబరిచి, ఆకారానికి లాగి సర్దాను.

జూన్

భీమిలిలో బావగారి ఇల్లు సముద్రానికి బాగా దగ్గర. అక్కడి డీప్ ఫ్రీజర్ కాసేపు మూలిగి, టిక్కుమని ఆగిపోతోందని కబురు చేశారు. ముందు వోల్టేజీ చూశాను, సరిగానే ఉంది. ప్లగ్ తీసి కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య కొలిస్తే 14, 19, 33 ఓములు వచ్చాయి. చిన్నవి రెండూ కలిపితే పెద్దదానికి సరిపోయింది, ఏ పిన్నూ బాడీకి తగలడం లేదు కనుక లోపలి మోటారు తీగ చుట్టకు (వైండింగుకు) ఢోకా లేదు. కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలేను విప్పి చెవి దగ్గర ఊపితే లోపల ముక్కలు గలగలలాడాయి. కొత్త రిలే పెట్టగానే కంప్రెసర్ అందుకుంది. కరెంటు పోయి వెంటనే వస్తే రిలే ఇంకా వేడిగానే ఉండి కంప్రెసర్ లేవదని, అయిదు నిమిషాలు ఆగి స్విచ్ వేయాలని, ఆలస్యంగా ఆన్ అయ్యే స్టెబిలైజర్ ఉంటే ఆ పని అదే చేస్తుందని బావగారికి వివరించాను.

అయితే మర్నాడు చూసేసరికి మంచు లోపలి గోడ మీద ఒక పక్కన జానెడు మేరకే పట్టింది, మిగతా గోడలు పొడిగా ఉన్నాయి. కొత్త థర్మామీటర్ మైనస్ 18 డిగ్రీలు చూపాల్సిన చోట మైనస్ 4 దగ్గర ఆగింది. ఇది మాత్రం నిజంగా గ్యాస్ సంగతే. వెనక, లోపలి వేడిని బయటికి వదిలే కండెన్సర్ గొట్టాలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉన్నాయి, కింది వంపు దగ్గర దుమ్ము నూనెతో తడిసి నల్లగా అంటుకుంది. గ్యాస్‌తోపాటు కంప్రెసర్ నూనె కూడా బయటకు వస్తుంది కాబట్టి అలాంటి మరక లీకుకు మంచి ఆనవాలు. కండెన్సర్‌లో పీడనం ఎక్కువ కనుక కంప్రెసర్ నడుస్తుండగానే అక్కడ సబ్బు నురగ రాశాను. సన్నని బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

లేబుల్ మీద ఆర్-600ఎ అని ఉంది. అది ఐసోబ్యూటేన్, మండే వాయువు. వెంటనే ప్లగ్ తీయించి, కిటికీలు తెరిపించాను. లోపల గ్యాస్ మిగిలి ఉండగా గొట్టం అతకడానికి మంట చూపడం ప్రాణాంతకం కనుక, శిక్షణ, పరికరాలు లేకుండా ఆ పని నేను ముట్టుకోను. లీకున్న వంపు మీద ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టాను. కండెన్సర్ మొత్తం మార్చి, గొట్టాల్లోని గాలంతా లాగేసి (వ్యాక్యూమ్ చేసి), లేబుల్ మీదున్న గ్రాముల లెక్క ప్రకారమే గ్యాస్ తూకం వేసి నింపాలని కాగితం రాసి బావగారికి ఇచ్చాను. ఆ గ్యాస్ పని తెలిసిన మెకానిక్ వచ్చే వారం వస్తానన్నారు.