రూట్ 4 కూడా ఇర్రేషనల్ అని బోర్డు మీద ప్రూవ్ చేసిన మహానుభావురాలిని నేనే

ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ మాథ్స్ మొదటి సెమిస్టర్ మొన్నే అయింది, వేడి తగ్గకముందే రాసేస్తున్నా. సీటు, ఫీజు, హాస్టల్ అన్నీ సాఫీగానే అయ్యాయి. నన్ను ఏడిపించింది "ప్రూవ్ దట్" అనే రెండు మాటలే.

ఇంటర్ రెండేళ్లు విజయవాడలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నా. ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) అంటే తెలుసుగా, 180 నిమిషాలు, 160 ప్రశ్నలు, అందులో 80 మాథ్స్. లెక్కలో ఎన్ అనే అక్షరం కనిపిస్తే 1 పెట్టు, రెండు ఆప్షన్లు ఎగిరిపోతాయి, 2 పెట్టు, ఇంకోటి ఎగిరిపోతుంది, మిగిలింది నొక్కెయ్, ఇదే మా సార్ల చదువు. "ఎందుకు సార్" అని అడిగితే "ఎందుకో తర్వాత చూద్దువుగానీ ముందు పక్క లెక్క చెయ్" అనేవాళ్లు. అలాగే 80కి 71 తెచ్చుకున్నా. గొప్పకి చెప్పట్లేదు... సరే, గొప్పకే చెప్తున్నా.

ఇక్కడ రెండో వారంలోనే సార్ రూట్ 2 ఇర్రేషనల్ అని, అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేమని, ఎవరు ప్రూవ్ చేస్తారన్నారు. టెన్త్‌లో ఎన్నిసార్లు రాశానో! ఎగిరి గంతేసి బోర్డు దగ్గరికెళ్లా. రూట్ 2 ఈజీక్వల్టు పి బై క్యూ అనుకుందాం, రెండిటికీ కామన్ ఫ్యాక్టర్ లేదు, స్క్వేర్ చేస్తే పి స్క్వేర్ ఈజీక్వల్టు 2 క్యూ స్క్వేర్, కాబట్టి పి స్క్వేర్‌ని 2 భాగిస్తుంది, కాబట్టి పి ని భాగిస్తుంది, అలాగే క్యూ నీ భాగిస్తుంది, కామన్ ఫ్యాక్టర్ లేదన్నదానికే ఎదురొచ్చింది, అంటే కాంట్రడిక్షన్. రెండు నిమిషాల్లో రాసి వెనక్కి తిరిగా.

సార్ నవ్వి "బావుందమ్మా, ఇప్పుడు 2 చెరిపి 4 పెట్టు" అన్నారు. పెట్టా. పి స్క్వేర్‌ని 4 భాగిస్తుంది, కాబట్టి పి ని భాగిస్తుంది, కాబట్టి క్యూ నీ భాగిస్తుంది, కాంట్రడిక్షన్. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చేసింది. "అయితే రూట్ 4 ఇర్రేషనల్ అన్నమాట. మరి ఇన్నాళ్లూ రెండు అనుకుంటున్నామే?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డా, తప్పు లైను కోసం పైనుంచి కిందికి మూడుసార్లు చదివా, ఒక్కటీ తప్పనిపించలేదు! "రేపు చెప్పు" అని పంపేశారు. ఆ రోజు మెస్సుకి కూడా పోలేదు.

రాత్రి పక్కరూము అక్క నోట్సు లాక్కుని ప్రతి "కాబట్టి" కిందా ఎర్ర పెన్నుతో గీత గీసింది. "వీటిల్లో ఎన్నిటికి కారణం తెలుసే నీకు?" అంది. ఒక్కో గీత దగ్గరా ఆగితే అప్పుడు దొరికింది. పి స్క్వేర్‌ని 4 భాగిస్తే పి ని కూడా భాగించాలని రూలేం లేదు. పి 6 అనుకోండి, 36ని 4 భాగిస్తుంది, 6ని భాగించదు. మరి 2 కి ఎందుకు కుదురుతుంది? బేసిసంఖ్య స్క్వేరు ఎప్పుడూ బేసే కాబట్టి, పి స్క్వేర్ సరిసంఖ్య అయితే పి సరిసంఖ్య కాక తప్పదు. టెన్త్‌లో ఈ లైను కూడా బట్టీ కొట్టా. ప్రూఫంతా దాని మీదే నిలబడిందని మాత్రం ఆ రాత్రే తెలిసింది.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక మాట. యూట్యూబ్‌లో ప్రూఫులు చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ ముందు కూర్చుంటే ఒక్క లైను రాదు, నా మాట విని మానెయ్యండి. 1, 2 పెట్టి చూడటం మాత్రం మానొద్దు, కాకపోతే అక్కడితో ఆగొద్దు. బేసిసంఖ్య స్క్వేర్‌లోంచి 1 తీసేస్తే 8తో పోతుందని ప్రూవ్ చెయ్యమన్నారు. 3, 5, 7 పెడితే 8, 24, 48 వచ్చాయి. పాత నేనైతే అక్కడే టిక్ పెట్టేదాన్ని. ఈసారి సంఖ్యని 2కె ప్లస్ 1 అని రాస్తే 4 ఇంటూ కె ఇంటూ (కె ప్లస్ 1) వచ్చింది. పక్కపక్క సంఖ్యల్లో ఒకటి సరిసంఖ్యే కదా, అయిపోయింది! ఇది ఎవరూ చెప్పకుండా నేనే చేశా, రాత్రి పన్నెండుకి అక్కని లేపి మరీ చూపించా, తిట్టింది.

సెమిస్టర్ ఆఖరి అసైన్‌మెంట్‌లో 10కి 7 వచ్చాయి. పేపర్ చేతికిచ్చినప్పుడు మూడో లెక్కలో నాలుగో "కాబట్టి" చుట్టూ ఎర్ర సున్నా ఉంటుందని తెరవకముందే తెలుసు. రాసేటప్పుడే అక్కడ చెయ్యి ఆగింది, అయినా రాసేశా.