కట్టమ్మా, అంటించకు

మన స్కూలు పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాసివ్వమని ఫోన్ రాగానే నాకు మెట్ల కింది గది కళ్ల ముందు కదిలింది. మన బ్యాచ్‌లో చాలామందికి అది చీపుర్లు, విరిగిన బెంచీలు పెట్టే గదిగానే తెలుసు. క్రాఫ్ట్ టీచర్ దగ్గర చేరిన మా పదిహేను మందికి మాత్రం అది సీసాల గది. గోనె సంచుల నిండా కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ సీసాలు, మేకులకు వేలాడే కత్తెరలు, చెక్క పెట్టెలో రంగురంగుల మూతలు. పండగ సెలవులకు రెండు వారాల ముందు నుంచి మా చివరి పీరియడ్ అక్కడే గడిచేది. వరండాలు, స్టేజీ, గేటు అన్నీ అలంకరించే పని మాది.

మొదటి రోజు టీచర్ కత్తెర ముట్టుకోనివ్వలేదు. తలా ఒక సీసా చేతికిచ్చి "ముందు దీన్ని బాగా చూడండమ్మా" అన్నారు. తాగేసి పారేసే సీసాలో చూడటానికి ఏముంటుంది అనుకున్నాం. తిరగేసి అడుగు చూడమన్నారు. గ్యాస్ ఉండే డ్రింకుల సీసా అడుగున ఐదు కాళ్లుంటాయి. అడుగు చదునుగా ఉంటే లోపలి గ్యాస్ ఒత్తిడికి అది బయటికి ఉబ్బిపోతుంది, సీసా నిలబడదు. అందుకే ఆ ఐదు మడతలు. మంచినీళ్ల సీసాకు ఆ ఒత్తిడి లేదు కాబట్టి ప్లాస్టిక్ పలచగా ఉంటుంది, నలిగిపోకుండా ఒంటి చుట్టూ గాడులు ఉంటాయి. ఇదంతా మా చేత వేళ్లతో తడిమించి చెప్పించారు. అడుగున త్రిభుజంలో 1 అనే అంకె ఉన్న సీసాలే పనికొస్తాయని, 3 ఉన్నవాటిని నిప్పు దగ్గరికి తేనే కూడదని అప్పుడే నేర్పారు. 1 అంటే పెట్ అనే ప్లాస్టిక్, 3 అంటే పీవీసీ. ఆ గుర్తులు 1988లో అమెరికాలో మొదలయ్యాయి. నా మటుకు నాకు అవి ఆ గదిలోనే పుట్టినట్టు అనిపిస్తుంది. ఇప్పటికీ ఎక్కడ ఏ సీసా కనిపించినా చెయ్యి దానంతటదే దాన్ని తిరగేస్తుంది.

రెండో రోజు కత్తెరలు ఇచ్చారు. అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో కోస్తే ఐదు కాళ్లూ ఐదు రేకులవుతాయి. మధ్యలో దబ్బనంతో చిన్న రంధ్రం. మెడ భాగం కోసి అంచును సన్నగా చీలిస్తే గంట. నడుం భాగానికి నిలువుగా గాట్లు పెట్టి పైనుంచి నొక్కితే పొట్ట ఉబ్బి లాంతరు. చదవడానికి సులువుగా ఉంది కానీ మొదటి గాటు పెట్టడమే అసలు కష్టం. కత్తెర జారిపోతుంది. సీసా మూత బిగించి ఉంచితే లోపలి గాలి వల్ల గట్టిగా నిలుస్తుంది, అప్పుడు టీచరే చాకు మొనతో ఒక చీలిక పెట్టి ఇచ్చేవారు. అక్కడి నుంచి కత్తెర మాది. కోసిన అంచు చాలా పదును. నా ఎడమ చూపుడు వేలి మీద ఇప్పటికీ సన్నటి గీత ఉంది. ఆ తర్వాత టీచర్ ఇస్త్రీ పెట్టెను తక్కువ వేడి మీద ఉంచి, పైన కాగితం పరిచి, కోసిన అంచును దాని మీద ఆనించి మెల్లగా తిప్పడం చూపించారు. అంచు లోపలికి ముడుచుకుని మొద్దుబారింది. పిల్లల చేతికిచ్చే ఏ వస్తువుకైనా నేను ఈ పని చేయకుండా వదలను.

ఆ గదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది కొవ్వొత్తి పని. కిటికీ తెరిచి, బల్ల మీద ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించి, ఇద్దరిద్దరిని పిలిచేవారు. కోసిన రేకును పట్టకారుతో పట్టుకుని మంటకు జానెడు ఎత్తులో ఉంచి మెల్లమెల్లగా దించాలి. ఒక చోటుకు రాగానే ఆ బిరుసు ప్లాస్టిక్ ఒళ్లు విరుచుకున్నట్టు కదులుతుంది. అంచు ముడుచుకుంటుంది, రేకు వేడి తగిలిన వైపుకు వంగుతుంది. క్షణం ఆలస్యమైతే పొగ. పొగ వచ్చిందంటే దగ్గరికి వెళ్లిపోయామని అర్థం, ఆ రేకు పోయినట్టే. మంట నుంచి తీశాక రెండు మూడు సెకన్లు కదలకుండా పట్టుకుంటే ఆ వంపు అలాగే బిగుసుకుంటుంది.

ఎందుకు ముడుచుకుంటుందని అడిగాను. టీచర్ మమ్మల్ని సైన్స్ మాస్టారు దగ్గరికి పంపారు. ఆయన బోర్డు మీద గీసి చెప్పింది ఇన్నేళ్లయినా మర్చిపోలేదు. సీసా మొదట సీసాలా పుట్టదు. పరీక్ష నాళికంత చిన్న, మందపాటి గొట్టంగా పుడుతుంది. దాన్ని వేడిచేసి, నిలువుగా సాగదీసి, లోపలికి గట్టిగా గాలి ఊది అచ్చులో పెద్దది చేస్తారు. అచ్చు చల్లగా ఉండటంతో సాగినది సాగినట్టే గడ్డకడుతుంది. మళ్లీ 70, 80 డిగ్రీల వేడి తగిలితే ఆ పట్టు వదులై, సాగినదంతా వెనక్కి రావాలని చూస్తుంది. మరి మెడ ఎందుకు ముడుచుకోదు? మెడను సాగదీయరు. మూత మరలతో సహా అది మొదటి నుంచీ అదే కొలతలో ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత నిజంగానే ఒక ప్రీఫామ్, అంటే సీసాగా ఊదకముందు ఉండే ఆ గొట్టం, నా చేతిలోకి వచ్చింది. బొటనవేలంత లావు గొట్టం, పైన అచ్చం మన సీసా మెడే. ఆ రోజు మాస్టారు బోర్డు మీద గీసిన బొమ్మ అది. పక్కనున్నవాళ్లకు చెప్పబోయి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను.

ఇక టీచర్ నియమం. గమ్ వద్దు, సెల్లోటేపు వద్దు, రంగు వద్దు. పువ్వుకు పువ్వు కలపాలంటే కట్టాల్సిందే. ఎవరైనా గమ్ డబ్బా తెచ్చుకుంటే "కట్టమ్మా, అంటించకు" అనేవారు. కోపంగా అన్నది ఒక్కసారీ లేదు. దేనితో కట్టాలి? దానికీ సీసానే. నడుం భాగాన్ని అడుగు నుంచి గుండ్రంగా, ఎక్కడా తెగకుండా సన్నటి పట్టీలా కోసుకుంటూ పోవాలి. చుట్టుకొలత 25 సెంటీమీటర్లు, నిలువు భాగం 15 సెంటీమీటర్లు ఉన్న సీసా నుంచి అర సెంటీమీటరు వెడల్పు పట్టీ తీస్తే ఎంత పొడుగొస్తుందో లెక్కవేయమన్నారు. ముప్పై చుట్లు, ఏడున్నర మీటర్లు. ఎవరం నమ్మలేదు. వరండాలో ఈ చివర నుంచి పరిచి చూస్తే నాలుగు స్తంభాలు దాటింది. ఆ పట్టీతో ముడి వేసి, ముడి మీద వేడినీళ్లు పోస్తే అది ముడుచుకుని ఇంకా బిగుస్తుంది. ఏ గమ్మూ పట్టనంత గట్టిగా పట్టేది. ఆ ఏడాది గేటు మీద వేలాడిన తోరణం అంతా అలా కట్టిందే. పువ్వులూ సీసావే, దారమూ సీసాదే.

నేను ఆ నియమం దాటాను. మా గదిలో వస్తువులన్నీ పారదర్శకంగా, నీళ్ల రంగులో ఉండేవి. ఎండ పడితే మెరిసేవి, మబ్బు పడితే కనిపించేవే కావు. నాకు అది చాలలేదు. సీసాల అడుగుల నుంచి కోసిన పదకొండు రేకులు ఇంటికి తీసుకెళ్లి, గమ్‌తో అంటించి, వెండి రంగు పూసి, తడి ఆరకముందే మెరుపుల పొడి చల్లి పెద్ద నక్షత్రం చేశాను. రెండు రాత్రులు పట్టింది. భయం భయంగా పట్టుకెళ్లాను. టీచర్ చాలాసేపు చూసి "చాలా బాగుందమ్మా" అన్నారు. మాట వరసకు అన్నది కాదు, కళ్లలో సంతోషం కనిపించింది. స్టేజీ మధ్యలో కట్టించారు. ఆ పండగకు అందరూ చూసింది దాన్నే.

సెలవుల తర్వాత విప్పే రోజు వచ్చింది. అలంకరణ చేసే రోజుకు ఎంత ప్రాముఖ్యం ఇచ్చేవారో, విప్పే రోజుకూ టీచర్ అంతే ఇచ్చేవారు. వరండాలో పెద్ద తొట్టి నిండా నీళ్లు. తోరణాలు విప్పి, ముడులు కత్తిరించి అందులో వేస్తే పెట్ ముక్కలు అడుగుకు చేరేవి, మూతలు పైన తేలేవి. పెట్ నీటి కంటే బరువు, మూతల ప్లాస్టిక్ తేలిక. ప్లాస్టిక్‌ను మళ్లీ వాడకానికి తెచ్చే కార్ఖానాల్లో కూడా ఇలాగే వేరుచేస్తారని, ఈ ముక్కలు కరిగి దారమై పాలిస్టర్ బట్టగా మారతాయని చెప్పారు. చేతులు ముంచి మూతలు తీస్తూ నవ్వుకుంటూ ఉన్నాం. నా నక్షత్రం వంతు వచ్చింది.

గమ్ ఊడలేదు. గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాం, గోళ్లతో గీకాం. వెండి రంగు పెచ్చులు తొట్టిలో తేలాయి. మెరుపుల పొడి అందరి చేతులకూ అంటుకుంది, మిగతా ముక్కలకూ అంటుకుంది. శుభ్రంగా ఉన్న కుప్పంతా పాడైంది. రంగు, జిగురు కలిసిన ప్లాస్టిక్‌ను కుప్పలో కలిపితే మిగతాది కూడా చెడుతుంది కాబట్టి అవన్నీ మళ్లీ కడగాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. టీచర్ ఏమీ అనలేదు. నక్షత్రాన్ని గుడ్డతో తుడిచి "దీనికి ఇక వేరే చోటు లేదమ్మా, ఇక్కడే ఉండనీ" అని మెట్ల కింది గదిలో కిటికీ పక్క మేకుకు తగిలించారు.

అప్పుడు నాకు ఆ నియమం అర్థమైంది. సీసాతో పువ్వు చేసినంత మాత్రాన అది చెత్త కాకుండా పోదు, కొన్నాళ్లు ఆగుతుంది. ఆగిన తర్వాత ఎటు వెళ్లాలో మొదటి ముడి వేసేటప్పుడే చూసుకోవాలి. పాత సీసాలతో చేసిన బొమ్మలను మెచ్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. పండగయ్యాక అవి ఎటు పోయాయని అడిగిన మనిషిని నేను మా టీచర్ తర్వాత పెద్దగా చూడలేదు.

2011లో లిథువేనియాలోని కౌనస్ నగర కూడలిలో నిలబెట్టిన క్రిస్మస్ చెట్టు ఫొటోలు చూశాను. యోలాంటా ష్మిడ్టియెనె అనే కళాకారిణి 30 వేలకు పైగా సీసాలతో చేసింది. 13 మీటర్ల ఎత్తు. రాత్రి లోపలి దీపాలకు చెట్టంతా ఆకుపచ్చగా వెలుగుతోంది. నేను మాత్రం ఫొటోను పెద్దది చేసి, సీసాలను దేనితో కలిపారా అని వెతికాను. జిప్ టైలతో, అంటే లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీలతో కట్టారు. అంటించలేదు. ఒంటరిగా కూర్చుని గట్టిగా నవ్వాను. టీచర్ చూసి ఉంటే ఆ టైల ప్లాస్టిక్ ఏదని కూడా అడిగేవారు.

ఇప్పుడు ప్రతి ఏడాది సెలవుల్లో పక్కింటి పిల్లలతో కూర్చుని చేస్తాను. కొన్ని సంగతులు ఆ గది దాటాక నేర్చుకున్నవి. లేబుల్ కింది జిగురు పోవాలంటే వంటనూనె, వంటసోడా కలిపి రుద్ది పది నిమిషాలు ఆగితే చాలు. మరిగే నీళ్లు పోశారంటే సీసా అక్కడికక్కడే ముడుచుకుపోతుంది. లోపల దీపం పెట్టాలంటే ఎల్ఈడీ తీగలే. పాతకాలపు బల్బు వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, కొవ్వొత్తి సంగతి చెప్పనక్కర్లేదు. రంగు కావాలంటే ఆకుపచ్చ, నీలం సీసాలు దొరికే దాకా ఆగుతాం, ఆ వెతుకులాట పిల్లలకు పండగంత ఇష్టం. మెరుపుల పొడి ఇంట్లోకి రానివ్వను. అదీ ఎక్కువగా ఇదే పెట్ పొర మీద అల్యూమినియం పూసి పొడి చేసిందే. ఐరోపా యూనియన్ 2023 అక్టోబరులో విడి ప్లాస్టిక్ మెరుపుల పొడి అమ్మకాన్ని ఆపేసింది. ఆ వార్త చదివినప్పుడు తొట్టిలో తడిసిన మా పదిహేను జతల చేతులు గుర్తొచ్చాయి.

కొన్నేళ్ల కింద స్కూలుకు వెళ్లినప్పుడు గది తాళం అడిగి తీయించుకున్నాను. నక్షత్రం అదే మేకుకు ఉంది. కిటికీ ఎండకు వెండి రంగు చాలామటుకు ఊడిపోయి, కింది ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారింది. వేలితో తాకితే ఒక రేకు పుటుక్కున విరిగి చేతిలో పడింది. దాన్ని కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. మిగతా పది రేకులూ అక్కడే వదిలి వచ్చాను.

ఈసారి కలుసుకునే రోజుకు టీచర్ కూడా వస్తున్నారట. వరండా అలంకరణ మన బ్యాచ్‌కే ఇమ్మని అడిగాను, సరేనన్నారు. రెండు లీటర్ల సీసాలైతే మంచిది, అడుగున ఐదు కాళ్లు ఉన్నవి. కడిగి, ఆరబెట్టి, లేబుళ్లు తీసి, మూతలు వేరే సంచిలో వేసి తీసుకురండి. కత్తెరలు, ఇస్త్రీ పెట్టె నేను తెస్తాను. గమ్ ఎవరూ తేవద్దు. మర్నాడు పొద్దున విప్పడానికి కూడా ఒక గంట ఉండేలా టికెట్లు బుక్ చేసుకోండి.