ఆరున్నర లక్షల కారు, ఆ ధర ఎక్కణ్ణుంచి వచ్చింది

చైనా కంపెనీ బీవైడీ వాళ్లది సీగల్ అని చిన్న ఎలక్ట్రిక్ కారు ఒకటుంది, 2023 ఏప్రిల్‌లో చైనాలో 73,800 యువాన్లకి దించారు, అంటే మన డబ్బుల్లో తొమ్మిది లక్షలకి కాస్త తక్కువ. రెండేళ్లు తిరిగేసరికి, 2025 మేలో, అదే కారు 55,800 యువాన్లు. ఆరున్నర లక్షలనుకోండి. నలుగురు కూర్చోవచ్చు, ముందు అద్దానికి వైపర్ ఒక్కటే ఉంటుంది, ఎక్కడ పైసా మిగుల్తుందో అక్కడ మిగిల్చారు, కానీ బ్యాటరీ మాత్రం 30 యూనిట్లది, ఫుల్ ఛార్జింగ్‌కి 305 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ లెక్క. చైనా టెస్టు లెక్కలు కాస్త ధారాళంగానే ఉంటాయి, రోడ్డు మీద రెండొందల పైచిలుకు అనుకున్నా మా బావ విజయవాడలో తిప్పుతున్న క్యాబ్ లాంటి దానికి సరిపోతుంది, మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు కాసేపు ఛార్జింగ్ పెట్టుకుంటే చాలు.

ఈ ధర చెప్తే మనవాళ్లు వెంటనే అనే మాట, అదంతా గవర్నమెంటు సబ్సిడీ అండి అని, కాదంటే చైనా సరుకు నాలుగు రోజులకే పోతుంది అని. సబ్సిడీ నిజమే. అమెరికాలోని సీఎస్ఐఎస్ అనే సంస్థ లెక్కగట్టింది, 2009 నుంచి 2023 దాకా చైనా ఈ రంగానికి ఇచ్చిన మద్దతు అంతా కలిపి 230 బిలియన్ డాలర్లకి పైనే అని. కానీ ఎలక్ట్రిక్ కారు కొన్నందుకు అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే కొనుగోలు సబ్సిడీ 2022 చివరికే ఆపేశారు, ఆ తర్వాతే కదా ధరలు ఇంకా పడింది! అందుకే సబ్సిడీ అన్న ఒక్క మాటతో దీన్ని పక్కన పెట్టేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే అలా అనుకుంటే మనం నేర్చుకోవాల్సింది నేర్చుకోం.

అసలు సంగతి బ్యాటరీలో ఉంది. బీవైడీ మొదట్లో కార్ల కంపెనీయే కాదు, 1995లో షెన్‌జెన్‌లో వాంగ్ చువాన్‌ఫు పెట్టిన బ్యాటరీల కంపెనీ, మోటరోలా నోకియా ఫోన్లకి బ్యాటరీలు చేసి ఇచ్చేది. 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొనుక్కుని ఇటు వచ్చారు. అంటే మిగతావాళ్లు కారు చేసి బ్యాటరీ ఎక్కడ కొనాలా అని వెతుక్కుంటే వీళ్లు బ్యాటరీ చేతిలో పెట్టుకుని దానికి కారు కట్టారు, మోటారు వాళ్లదే, చిప్పుల్లో చాలావరకు వాళ్లవే, ఆఖరికి 2024 జనవరి నుంచి కార్లు మోసుకెళ్లే ఓడలు కూడా తమ పేరుతోనే నడుపుతున్నారు.

ఆ బ్యాటరీని కాస్త దగ్గరగా చూడండి. 2020లో వచ్చిన బ్లేడ్ బ్యాటరీ అంటారు. ఒక్కో సెల్ దాదాపు 96 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు, మందం చూస్తే సెంటీమీటరున్నర కూడా లేదు. ఈ పొడుగు పలకల్ని అలమారాలో పుస్తకాల్లాగా పక్కపక్కన నిలబెట్టి నేరుగా ప్యాక్‌లో పెట్టేస్తారు, మధ్యలో మాడ్యూళ్లు అని వేరే పెట్టెలు ఉండవు, ఆ పెట్టెల బరువూ ఖర్చూ చోటూ మిగిలినట్టే. లోపల ఉండేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, కోబాల్టూ నికెలూ అక్కర్లేదు, ఇనుము, ఫాస్ఫేటు, లిథియం ఉంటే చాలు, వాటిలో లిథియం తప్ప ఖరీదైంది పెద్దగా ఏమీ లేదు. నికెల్ ఉన్న బ్యాటరీలతో పోలిస్తే బరువుకి తగ్గ రేంజ్ కాస్త తక్కువే, కానీ అంత తేలిగ్గా అంటుకోదు, మేకు దింపి టెస్టు చేసి చూపించారు కూడా.

ఇక్కడ నాకు మనసు చివుక్కుమనే విషయం ఒకటుంది. ఈ ఐరన్ ఫాస్ఫేట్ కనిపెట్టింది చైనా కాదు. అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో, తర్వాత 2019లో నోబెల్ వచ్చిన గుడ్‌ఇనఫ్ గారి ల్యాబ్‌లో, 1997లో అచ్చైన పేపరు మీద ఆయన పేరుతో పాటు ఉన్న రెండు పేర్లు పాఢీ, నంజుండస్వామి. ఇద్దరూ మనవాళ్లే! పని చేసింది మనవాళ్లు, ల్యాబ్ అమెరికాది, ఫ్యాక్టరీలు కట్టి ఇరవయ్యేళ్లు ఓపికపట్టింది మాత్రం చైనా.

అక్కడ అంతా బాగుందని కాదు. ధరల యుద్ధంలో కంపెనీలు విడిభాగాలు సప్లై చేసేవాళ్ల డబ్బులు నెలల తరబడి తొక్కిపెడుతుంటే గవర్నమెంటు కళ్లెర్రజేసింది, 2025 జూన్‌లో బీవైడీతో సహా పెద్ద కంపెనీలన్నీ 60 రోజుల్లో ఇచ్చేస్తామని మాటివ్వాల్సొచ్చింది. సీగల్ ఆరున్నర లక్షలకి రావడంలో ఆ చిన్న సప్లయర్ నిద్రలేని రాత్రులు కూడా కొంత ఉన్నాయి, అది మర్చిపోకూడదు. నేటా అనే బ్రాండు నడిపే కంపెనీ అదే నెలలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, వాళ్ల కార్లు థాయిలాండ్‌లో చాలామంది కొన్నారు, ఆ తర్వాత స్పేర్ పార్టులూ సర్వీసూ ఎవరినడగాలో తెలీక తిరగాల్సొచ్చింది. చవక కారు కొనేటప్పుడు పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉంటుందా అన్న ప్రశ్న కూడా ధరలో భాగమే.

ఇక ప్రపంచం. చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద అమెరికా 2024లో వంద శాతం సుంకం వేసి తలుపులు మూసేసింది. యూరప్ అదే ఏడాది అక్టోబర్‌లో పాత 10 శాతం మీద ఇంకొంత వేసింది, బీవైడీకి 17, ఎంజీ బ్రాండు ఉన్న చైనా కంపెనీ ఎస్ఏఐసీకి 35.3 శాతం, అయినా అమ్మకాలు ఆగలేదు. ఇథియోపియా అయితే 2024లో పెట్రోలు డీజిలు కార్ల దిగుమతే ఆపేసింది. కానీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పక్కనున్న నేపాల్. 2015లో మన సరిహద్దులో లారీలు ఆగిపోయి నెలల తరబడి పెట్రోలు గ్యాసు లేక ఆ జనం పడ్డ బాధ వాళ్లు మర్చిపోలేదు, తర్వాత నదుల మీద కరెంటు పెరిగింది, ఎలక్ట్రిక్ కార్ల మీద పన్ను తగ్గించారు, ఇప్పుడు అక్కడ అమ్ముడయ్యే కొత్త ప్యాసింజర్ బండ్లలో నూటికి డెబ్బైకి పైనే ఎలక్ట్రిక్, వాటిలో ఎక్కువ చైనావి. పెట్రోలు బొట్టు కూడా లేని దేశం సొంత నీళ్లతో బండి నడుపుకుంటోంది, అది చూస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

మన దగ్గర సరిహద్దు దేశాల పెట్టుబడులకి కేంద్రం అనుమతి కావాలని 2020లో రూలు పెట్టారు. గల్వాన్ తర్వాత ఆ జాగ్రత్తని తప్పుపట్టలేను. 2023లో బీవైడీ మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో కార్ల ఫ్యాక్టరీ పెడతామంటే కేంద్రం ఒప్పుకోలేదు. కానీ చైనా టెక్నాలజీ మన ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసిందండి. తిరుపతి నుంచి కొండెక్కే ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఒలెక్ట్రావి, అది మేఘా వాళ్ల గ్రూపు కంపెనీయే, టెక్నాలజీ బీవైడీది. నేనెక్కినప్పుడు గమనించింది, డీజిల్ బస్సు ఘాట్‌లో గేరు మార్చి మూలిగే చోట ఇది సాఫీగా ఎక్కేస్తుంది, వెనకాల పొగ లేదు, దిగేటప్పుడు మోటారే బ్రేకులా పట్టుకుని పోయిన ఛార్జింగ్ కొంత వెనక్కి తెచ్చుకుంటుంది. నెలల తరబడి మన ఈవీ అమ్మకాల్లో పైన నిలబడ్డ ఎంజీ విండ్సర్ కూడా చైనాలో బావోజున్ యున్‌డువో పేరుతో, ఇండోనేషియాలో వూలింగ్ క్లౌడ్ పేరుతో వచ్చిన కారే.

అందుకే నా అభిప్రాయం, కార్లు దిగుమతి చేసుకోవద్దు, కానీ సెల్ చెయ్యడం మాత్రం వాళ్ల దగ్గరే కూర్చుని నేర్చుకోవాలి, షరతులు పెట్టి మరీ. షాంఘైలో టెస్లాని చైనా ఫ్యాక్టరీ పెట్టనిచ్చింది, పక్కన సప్లయర్లు తయారయ్యారు. అమర రాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో సెల్ ఫ్యాక్టరీ కడుతున్నారు, ఐరన్ ఫాస్ఫేట్ టెక్నాలజీకి 2024 జూన్‌లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ గ్రూపులోని ఒక కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు, సరైన టైములో చేసిన పని అది. ఎందుకంటే 2025 జూలైలో చైనా ఈ బ్యాటరీ కేథోడ్, అంటే ప్లస్ వైపు ఉండే ఆ ఐరన్ ఫాస్ఫేట్ పొడి, తయారుచేసే టెక్నాలజీ బయటికి వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది, అంతకు ముందు ఏప్రిల్‌లో మోటార్ల అయస్కాంతాలకి పెడితే మన కంపెనీలు ఎంత అల్లాడాయో చూశాం కదా. కాబట్టి దివిటిపల్లిలో మొదటి సెల్ ఎప్పుడు బయటికొస్తుంది, దాంట్లో కేథోడ్ పొడి ఎక్కడిది, అక్కడ పనిచేసే మన ఇంజనీర్లకి ఆ పొడి చెయ్యడం కూడా నేర్పిస్తారా లేదా, నేను అడగాలనుకుంటున్నవి ఇవే. పాలమూరు వైపు వాళ్లెవరైనా ఆ ఫ్యాక్టరీలో చేస్తుంటే చెప్పండి.