బాబాయి మణికట్టు మీద ముంజ

మా బాబాయిది కొబ్బరి ఒలుపు పని. నేలలో పాతిన గునపానికి కాయను గుచ్చి మణికట్టు తిప్పితే పీచు ఊడివస్తుంది. ఈ మధ్య ఆ మణికట్టే నొప్పి అంటున్నాడు. ఏ తిప్పు దగ్గర ఎంత వంగుతోందో కొలిచి చూద్దామని, సెలవులకు అంబాజీపేట వస్తూ, వంగినప్పుడు సాగే జెల్ పట్టీ చేయడానికి పాలీవినైల్ ఆల్కహాల్ (నీళ్లలో కరిగే ఒక రకం ప్లాస్టిక్) పొడి తెచ్చుకున్నాను.

10 గ్రాముల పొడిని 90 గ్రాముల నీళ్లలో, మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టి కలిపాను. చేయి పడిపోయింది గానీ కరిగింది. పళ్లెంలో పోసి, రాత్రి ఫ్రీజరులో చేపల డబ్బా పక్కన, పగలు బయట. అలా మూడుసార్లు. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు పొడవాటి అణువులను ఒక పక్కకు నెడుతుంది. ఇరుకున పడిన అణువులు అక్కడక్కడ ముడిపడతాయి, మంచు కరిగినా ఆ ముళ్లు విడవు. వచ్చిన పట్టీని ఉప్పునీటిలో నానబెట్టాను. ఇందులో విద్యుత్తును మోసేది ఆ ఉప్పు అయాన్లే.

"ఏమ్మా, ముంజ కట్టావా నా చేతికి?" అన్నాడు బాబాయి. నిజమే, తడిగా, చల్లగా, అచ్చం ముంజే.

పట్టీ సాగితే పొడవు పెరుగుతుంది, మందం, వెడల్పు తగ్గుతాయి. నీరు ఎటూ పోదు కాబట్టి రెట్టింపు సాగితే నిరోధం దాదాపు నాలుగు రెట్లవుతుంది. మణికట్టు వంగిన ప్రతిసారీ, నిరోధాన్ని కొలిచే మల్టీమీటరు అంకె ఎగిరింది. కానీ చేయి కదలకుండా ఉన్నా అంకె జారుతూనే ఉంది. మీటరు పంపేది ఒకే దిశ విద్యుత్తు, దానివల్ల అయాన్లు తీగల దగ్గర పోగుపడతాయి. ల్యాబులో దిశ మారే విద్యుత్తుతో కొలిచేది అందుకే. తెలిసి కూడా మరిచిపోయాను.

అసలు దెబ్బ సాయంత్రానికి తగిలింది. ఫ్యాను కింద పెట్టిన పట్టీ మామిడి తాండ్రలా ఎండి ముడుచుకుపోయింది. రెండో విడతలో గ్లిజరిన్ కలిపాను. ఎండలేదు, కానీ మరునాడు వాన పట్టి గాలిలో తేమ పెరిగేసరికి నీరు పీల్చుకుని ఉబ్బింది. బాబాయి చెమట కూడా తోడై, పని మొదలుపెట్టకముందే నిరోధం తగ్గిపోయింది. ఏసీ గదిలో గీసిన నున్నటి గ్రాఫులను ఇకమీదట కాస్త అనుమానంగానే చూస్తాను.

ఈసారి పట్టీకి రెండు వైపులా పలుచటి సిలికాన్ పొర వేయాలి. అంటే మరో మూడు రాత్రులు ఫ్రీజరు కావాలి. అమ్మను ఇంకా అడగలేదు.